బ్యాటరీ ఖర్చు ఎవరి ఖాతాలో?

జనగణన గురించి ఢిల్లీలో జరుగుతున్న చర్చ అంతా రెండు మాటల చుట్టూ తిరుగుతున్నది. ఒకటి కులం, రెండోది నియోజకవర్గాల పునర్విభజన. రెండూ పెద్ద విషయాలే. 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం కులగణనకు అంగీకరించిన నాటి నుంచి ఆ ఘనత ఎవరిదన్న వాదన పాలకపక్షానికీ ప్రతిపక్షానికీ మధ్య ఎడతెగకుండా సాగుతున్నది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకునే ఈ లెక్కలు, రాజ్యాంగం 82వ అధికరణం చెప్పే ‘2026 తర్వాత మొదటి జనగణన’ కిందికి వస్తాయి గనుక, తమ లోక్‌సభ స్థానాలు ఏమవుతాయోనన్న బెంగ దక్షిణాది రాష్ట్రాలకు పట్టుకున్నది. వీటి మీద ఇదివరకు రాశాను, ఇక ముందూ రాస్తాను. ఈసారి మాత్రం ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడగదలచాను. లెక్క రాసే మనిషి చేతిలోని ఫోన్ సాయంత్రం దాకా నిలుస్తుందా?

ఇది చిల్లర ప్రశ్న అనిపించవచ్చు. రాజకీయాలు రాసేవాడికి బ్యాటరీలతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. కానీ ఇది దేశంలో మొట్టమొదటి డిజిటల్ జనగణన. ఇందుకోసం కేంద్ర మంత్రివర్గం 2025 డిసెంబరులో 11,718 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. దాదాపు 30 లక్షల మంది క్షేత్ర సిబ్బంది, అధిక భాగం బడిపంతుళ్ళు, ఇల్లిల్లూ తిరిగి వివరాలు మొబైల్ యాప్‌లో నమోదు చేయాలి. ఆ మొబైల్ ఎవరిది? వారిదే. సర్కారు యాప్ ఇస్తుంది. ఫోన్, దాని బ్యాటరీ, ఆ బ్యాటరీని నింపే కరెంటు, ఆ బ్యాటరీ ముందుగా చచ్చిపోతే కొత్తది వేయించుకునే డబ్బు, ఇవన్నీ ఉద్యోగి ఇంటి లెక్కలోకి పోతాయి. 11,718 కోట్ల పద్దులో ఈ పద్దు ఎక్కడ ఉన్నదో వెతకవలసిందే.

కొన్నాళ్ళ కిందట పార్వతీపురం వైపు ఏజెన్సీ గ్రామాల్లో తిరుగుతుండగా ఒక చిన్న కిరాణా కొట్టు ముందు ఆగాను. బియ్యం బస్తాల పక్కన నేలమీద ఒక స్విచ్ బోర్డు, దానికి మూడు ఫోన్లు. వాటిలో ఒకదాని ముందు ఒక అంగన్‌వాడీ టీచర్ కూర్చుని ఉన్నది. తెర మీద శాతం ఎంత పెరిగిందో నిమిషానికోసారి చూసుకుంటున్నది.

“రోజూ ఇంతేనా అమ్మా?” అన్నాను.

“రోజూ ఇంతే సార్. మధ్యాహ్నానికి పడిపోతుంది. పిల్లలకు అన్నం పెట్టేసి ఇక్కడికొచ్చి ఛార్జింగ్ పెడతాను. ఈ మావయ్య పాపం ఊరకనే పెట్టుకోనిస్తాడు. ఫోటో ఎక్కకపోతే ఆ రోజు నేను పని చెయ్యనట్టే కదా సార్.”

ఆమె ఫోన్‌ను చేతిలోకి తీసుకుని చూశాను. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా ఉన్నది. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సమయంలో ఆమె ఫోన్‌లో ఏమీ చేయడం లేదు. ఆమె ఊరకే ఉన్నది గాని ఫోన్ లోపలి ప్రాసెసర్ ఊరకే లేదు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. ఢిల్లీ తిరిగి వచ్చాక ఆ చదువు చదువుకున్న మిత్రుల దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నాను. వారు చెప్పినదాన్ని నాకు అర్థమైన మేరకు మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఇక్కడి సాంకేతిక విషయం తెలియకపోతే రాజకీయ విషయం కూడా తెలియదు.

సాధారణమైన ఫోన్‌లో 4,000 మిల్లీ యాంపియర్ గంటల బ్యాటరీ ఉన్నదనుకుందాం. అది దాచుకోగల శక్తి సుమారు 15 వాటు గంటలు. పాతకాలపు 60 వాట్ల బల్బును పావుగంట వెలిగించే కరెంటు అన్నమాట. రోజంతా మన పని, మన పలుకుబడి, మన సర్కారు హాజరు, అంతా ఆ పావుగంట బల్బు వెలుతురు మీద ఆధారపడి ఉన్నాయి. ఫోన్ సగటున ఒకటిన్నర వాటు చొప్పున వాడితే పది గంటలు నిలుస్తుంది. మూడు వాట్లు లాగితే అయిదు గంటలే. అదే ఫోన్ రెండు మూడేళ్ళు పాతబడి, బ్యాటరీ శక్తి నూటికి ఎనభైకి తగ్గితే నాలుగు గంటలు. ఉదయం ఎనిమిదికి బయలుదేరిన ఎన్యూమరేటర్ చేతిలో మిట్టమధ్యాహ్నానికి నల్ల పలక మిగులుతుంది. ఒకటిన్నర వాటుకూ మూడు వాట్లకూ మధ్య తేడాను నిర్ణయించేది బ్యాటరీ పరిమాణం కాదు. లోపలి ప్రాసెసర్ చేత ఎవరు, ఎప్పుడు, ఎంత పని చేయిస్తున్నారన్నది.

ప్రాసెసర్ అంటే కోట్లాది సూక్ష్మమైన స్విచ్చుల సముదాయం. ఒక్కొక్క స్విచ్చు ఒకసారి మారినప్పుడల్లా చిటికెడు విద్యుత్తు ఖర్చవుతుంది. సెకనుకు ఎన్నిసార్లు మారితే అంత ఖర్చు. అయితే అసలు కీలకం వేగంలో లేదు, వోల్టేజిలో ఉన్నది. ఖర్చు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. వోల్టేజిని నూటికి 20 వంతులు తగ్గిస్తే, అదే పనికి అయ్యే ఖర్చు నూటికి 64కు దిగుతుంది. వోల్టేజి తగ్గినప్పుడు వేగం కూడా తగ్గించవలసి వస్తుంది. పని కొంచెం ఆలస్యంగా పూర్తవుతుంది. నాలుగు క్షణాల పని అయిదు క్షణాలు పడుతుంది, కానీ మూడింట ఒక వంతుకు పైగా శక్తి మిగులుతుంది. ఇంటి యజమాని పేరు టైపు చేస్తున్నప్పుడు ఆ క్షణం తేడా ఎవరికీ తెలియదు. తెలియనిచోట నెమ్మదిగా నడవడం, తెలిసేచోట పరుగెత్తడం: చేతి కంప్యూటర్లలో ప్రాసెసర్‌ను అదుపు చేసే శాస్త్రమంతా ఈ వివేకం మీద నిలబడింది.

ఇది నిన్నటి శాస్త్రం కాదు. 1985లో కేంబ్రిడ్జిలో ఏకార్న్ సంస్థవారు తమ మొదటి ఆర్మ్ ప్రాసెసర్‌ను పరీక్షించినప్పుడు, దానికి కరెంటు అందించే తీగ సరిగా కలవకపోయినా అది పనిచేసిందట. పక్క తీగల నుంచి కారిన కాస్త విద్యుత్తే దానికి సరిపోయింది. ఈనాడు ప్రపంచంలోని ఫోన్లన్నీ దాదాపు ఆ వంశంలోవే. 1992లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మన చెన్నై బిడ్డ అనంత చంద్రకాసన్, తన సహచరులతో కలిసి, తక్కువ వోల్టేజితో చిప్పులు ఎలా నిర్మించాలో ఒక పరిశోధన పత్రంలో చెప్పాడు. ఆ రంగంలో అది ఇప్పటికీ పునాదిరాయి. 1994లో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో మార్క్ వైజర్ బృందం మరో మెట్టు ఎక్కింది. పనిని బట్టి వేగాన్నీ వోల్టేజినీ ఎప్పటికప్పుడు మార్చే బాధ్యత ఆపరేటింగ్ సిస్టంకు అప్పగించవచ్చునని చూపించింది. అంటే మూడు దశాబ్దాల కిందటే ఈ సమస్యకు ఇంజినీర్ల దగ్గర సమాధానం ఉన్నది.

తర్వాత చిప్పులు మరీ చిన్నవయ్యేకొద్దీ ఇంకో చిక్కు వచ్చింది. పని లేకపోయినా, మేలుకుని ఉంటే చాలు, కారిపోయే విద్యుత్తు పెరిగింది. అప్పుడు ఇంకో సూత్రం తోడయింది: పని ఉంటే గబగబా పూర్తిచేసి గాఢనిద్రలోకి పోవడం. నెమ్మదిగా నడవడమా, పరుగెత్తి పడుకోవడమా అన్నది పనిని బట్టి, చిప్పును బట్టి మారుతుంది. 2011లో వచ్చిన ఏర్పాటు ప్రకారం ఒకే చిప్పులో చిన్న పనులకు చిన్న ప్రాసెసర్లూ పెద్ద పనులకు పెద్ద ప్రాసెసర్లూ పక్కపక్కనే ఉంటున్నాయి. ఏది ఎలా ఉన్నా ఒక్క విషయంలో పండితులందరిదీ ఏకాభిప్రాయం. పని లేనప్పుడు ప్రాసెసర్ నిద్రపోవాలి. దాన్ని నిద్రపోనివ్వని సాఫ్ట్‌వేర్ చెడ్డ సాఫ్ట్‌వేర్.

మన రైతులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చి ఏ తెల్లవారుజామునో పోయే రోజుల్లో పంపుసెట్లకు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేది. నీరు అవసరమా కాదా అన్న విచారణ దానికి లేదు. మడి నిండి గట్టు పొర్లినా తిరుగుతూనే ఉండేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు ప్రభుత్వం రైతులను బతిమాలిన మొదటి మాట, ఆటో స్టార్టర్లు తీసేయండి అని. బోర్లు ఎండిపోతాయన్న భయం.

మన ప్రభుత్వాలు ఉద్యోగుల ఫోన్లలో ఎక్కిస్తున్న యాప్‌లలో చాలావాటికి ఈ ఆటో స్టార్టర్ బిగించి ఉన్నది. ఆండ్రాయిడ్‌లో వేక్‌లాక్ అనే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకున్న యాప్ వదిలేదాకా ప్రాసెసర్‌కు నిద్ర లేదు. తెర ఆరిపోయినా లోపల మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి చూసుకుంటే చాలిన చోట జాడను క్షణక్షణం ఉపగ్రహాలను అడిగి తెలుసుకునేవి కొన్ని. సిగ్నల్ లేని కొండవాలులో ఫోటో పంపడానికి ప్రయత్నించి, విఫలమై, మళ్ళీ ప్రయత్నించి, ఆ ప్రయత్నంలోనే బ్యాటరీని తినేసేవి కొన్ని. బ్యాటరీని ఎక్కువగా తినేది ప్రాసెసర్ ఒక్కటే కాదు, తెరా, సిగ్నల్ కోసం వెతికే రేడియో కూడా పెద్ద తిండిపోతులేనని నా మిత్రులు హెచ్చరించారు. నిజమే. కానీ రేడియోను లేపేది ఎవరు? ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రామే. ఒక చిన్న వివరం పంపిన తర్వాత కూడా రేడియో వెంటనే పడుకోదు, కొంతసేపు మేలుకునే ఉంటుంది. అందుచేత నూరు ఇళ్ళ వివరాలు నూరుసార్లు పంపడానికీ, రాత్రి ఛార్జింగ్‌లో పెట్టాక ఒకేసారి పంపడానికీ ఖర్చులో ఎంతో తేడా. రెండో పద్ధతి రాయడానికి ప్రోగ్రామర్‌కు కొన్ని రోజుల అదనపు పని పడుతుంది. రాయకపోతే ఆ పని లక్షలమంది చేతుల్లోకి, ప్రతిరోజూ, పోతుంది.

నా వాదన ఇంతే. ప్రాసెసర్ శక్తిని పొదుపు చేయడం ఖర్చును ఎవరి మీద వేయాలన్న నిర్ణయం. ఆ నిర్ణయం ఇప్పుడు ఢిల్లీలోని చల్లని గదుల్లో, కొత్త ఫోన్ల మీద, గోడకున్న ప్లగ్గు పక్కన కూర్చుని జరుగుతున్నది.

ఇలాంటి నిర్ణయాలు రాజకీయమైనవేనని ప్రపంచం ఒకసారి గుర్తించింది కూడా. 2017 డిసెంబరులో యాపిల్ సంస్థ ఒక విషయం ఒప్పుకోవలసి వచ్చింది. పాత ఐఫోన్లలో బ్యాటరీ బలహీనపడ్డప్పుడు ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా ప్రాసెసర్ వేగాన్ని తానే తగ్గిస్తున్నానని. సాంకేతికంగా చూస్తే అది తెలివితక్కువ పని కాదు. పైన చెప్పుకున్న సూత్రమే అది. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఫోన్ ఎవరిదో వారికి చెప్పలేదు. బ్యాటరీ మార్చుకుంటే సరిపోయేవారు ఫోనే పాతబడిందనుకుని కొత్తది కొన్నారు. 2018లో ఇటలీ, 2020లో ఫ్రాన్స్ జరిమానాలు విధించాయి. ఫ్రాన్సుది రెండున్నర కోట్ల యూరోలు. అక్కడి వినియోగదారుడికి తన చేతిలోని ప్రాసెసర్ ఏమి చేస్తున్నదో తెలుసుకునే హక్కు ఉన్నదని ఆ తీర్పుల సారం. మన అంగన్‌వాడీ టీచర్‌కు, మన బడిపంతులుకు, మన ఉపాధి పథకం మేట్‌కు ఆ హక్కు ఉన్నదా?

మనకు ఈ విషయంలో చరిత్ర లేకపోలేదు. 2001లో బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు సింప్యూటర్ అనే అరచేతి కంప్యూటర్ నమూనా చూపించారు. పల్లెల్లో నలుగురు కలిసి వాడుకునేటట్టు, భారతీయ భాషల్లో మాట్లాడేటట్టు దాన్ని తీర్చారు. దానిలో పెట్టిన స్ట్రాంగ్ ఆర్మ్ ప్రాసెసర్ పూర్తి వేగంతో నడిచినా అర వాటు లోపే వాడుకునేది. కరెంటు లేని ఊరిని మనసులో పెట్టుకుని ఆలోచించినవారు చేసిన ఎంపిక అది. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తోడుగా మార్కెట్టులోకి వచ్చింది. దాదాపు 10,000 రూపాయల ధర, చవకబడుతున్న సెల్‌ఫోన్ల పోటీ, అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ప్రభుత్వాలు పెద్ద ఎత్తున కొని ఉంటే కథ వేరుగా ఉండేదేమో. పొగడడంలో చూపిన ఉత్సాహం కొనడంలో చూపలేదు.

దాని తర్వాత వచ్చిన ఆకాశ్ టాబ్లెట్ కథ పూర్తిగా తలకిందులు. 2011 అక్టోబరు 5న అప్పటి మంత్రి కపిల్ సిబల్ దాన్ని ప్రపంచంలోకెల్లా చవకైనదని ఆవిష్కరించారు. మొదటి విడత పరికరాల కూర్పు మన హైదరాబాదులోనే జరిగింది. ధర మీద అంత పట్టుదల చూపిన ప్రభుత్వం, ఒక్కసారి ఛార్జింగ్ పెడితే పిల్లవాడు ఎంతసేపు చదువుకోగలడన్న దాని మీద అంత పట్టుదల చూపలేదు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ వేగం చాలదని, బ్యాటరీ రెండు మూడు గంటలకు మించి నిలవడం లేదని వాడినవారు వాపోయారు. వేగమూ లేదు, ఓపికా లేదు. ఇంటికి పోయి చదువుకోవలసిన విద్యార్థి ప్లగ్గు దగ్గర కట్టేసిన దూడ అయ్యాడు.

ఇక సామాజిక ఆర్థిక కులగణన. 2011 జూన్ చివర పశ్చిమ త్రిపురలో మొదలైన ఆ లెక్కలో కాగితం లేదు. భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఆరు లక్షలకు పైగా చేతి పరికరాలతో 640 జిల్లాలు తిరిగారు. ఎన్యూమరేటర్ వెంట ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ కూడా ఉండేవాడు. ఆ కసరత్తులో లోపాలు ఎన్నో. సేకరించిన కులం వివరాలు ఈనాటికీ వెలుగు చూడలేదు, అది వేరే పురాణం. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ పరికరం సర్కారుది. బ్యాటరీ చచ్చిపోతే బాధ్యత సర్కారుది. ఇప్పుడు 15 ఏళ్ళు ముందుకు వచ్చాం, సాంకేతికత ఎంతో పెరిగింది, బాధ్యత మాత్రం సర్కారు చేతి నుంచి జారి ఉద్యోగి జేబులోకి పోయింది.

ఈ జారుడు జనగణనతో మొదలు కాలేదు. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును రోజుకు రెండుసార్లు ఫోటోతో సహా యాప్‌లో ఎక్కించాలన్న నిబంధనను 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పని ప్రదేశాల్లోనూ అమలు చేశారు. ఫోన్ మేట్‌ది. చాలాచోట్ల మేట్ అంటే కూలీలలో ఒకరైన స్త్రీ. మధ్యాహ్నం ఫోటో పడకపోతే కూలీల చెమటకు లెక్క లేదు. ఆ ఏడాది జంతర్ మంతర్ దగ్గర వందరోజుల ధర్నాకు కూర్చున్న కూలీల దగ్గరికి నేను ఒకటికి నాలుగుసార్లు వెళ్ళాను. ‘సర్వర్’, ‘నెట్‌వర్క్’ అనే మాటలు అక్షరాలు రాని స్త్రీల నోట అంత కోపంగా పలకడం అంతకుముందు వినలేదు. మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు 2021లో ఒక పని చేశారు. తమకిచ్చిన ఫోన్లు వేడెక్కుతున్నాయని, స్తంభించిపోతున్నాయని, వాటి మరమ్మతు ఖర్చు తమ మీద పడుతున్నదని చెప్పి, వేలాది ఫోన్లను మూటగట్టి తెచ్చి ప్రభుత్వానికే అప్పగించారు. అయినా మన దారి మారలేదు. 2025 జూలై నుంచి గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు ఇంటికిచ్చే పోషకాహారం అందాలంటే అదే ఫోన్‌లో ముఖ గుర్తింపు కూడా జరగాలి. ముఖాన్ని పోల్చి చూడడం ప్రాసెసర్‌కు బరువైన పనుల్లో ఒకటి. దానికి చవక ఫోన్ వేడెక్కుతుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే ఎండలో నిలబడ్డ తల్లి మరికాస్త నిలబడుతుంది.

‘ఇప్పటి ఫోన్లలో అయిదువేల బ్యాటరీలు వస్తున్నాయి కదా’ అని ఒక అధికారి నాతో అన్నారు. వస్తున్నాయి. అయితే ఆ ఫోన్ జనగణన కోసం పుట్టలేదు. బడి హాజరు అందులోనే, మధ్యాహ్న భోజనం లెక్క అందులోనే, పై అధికారి అర్ధరాత్రి సందేశాలు అందులోనే, ఇంట్లో పిల్లల పాఠాలు, పాలవాడికి చెల్లింపులు, ఊళ్ళో ఉన్న అమ్మతో మాటలు అన్నీ అందులోనే. ఇళ్ళ జాబితా దశకు కేటాయించింది 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. ఉత్తర భారతంలోనూ మన రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ఆ తొలి నెలల ఎండ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఫోన్లు తయారుచేసేవారే 35 డిగ్రీలు దాటిన వాతావరణం బ్యాటరీకి మంచిది కాదంటారు. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. ఆ నెలల్లో తరిగిన ఆయుష్షు తర్వాత తిరిగి రాదు. పవర్ బ్యాంకు ఇస్తే పోదా అని ఇంకొకరు. ఇస్తే మంచిదే. దాన్ని నింపడానికీ కరెంటు కావాలి. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామంతో దేశంలోని గ్రామాలన్నింటికీ విద్యుత్తు వచ్చిందని ప్రకటించారు. పదింట ఒక ఇంటికి, బడి వంటి చోట్లకు కరెంటు ఉంటే ఆ గ్రామం విద్యుదీకరణ జరిగినట్టేనన్న నిర్వచనంతో. తర్వాత ఇళ్ళకు కనెక్షన్లు ఎంతో పెరిగాయి, కాదనను. కనెక్షన్ ఉండడమూ, సాయంత్రం అయిదింటికి తీగలో కరెంటు ఉండడమూ ఒకటి కాదని పల్లెలో ఒక రాత్రి పడుకున్నవారికి తెలుసు.

బ్యాటరీ ఆరిపోతే ఏమవుతుంది? ఏ గణకుడూ ఆ రోజు పని ఆపి ఇంటికి పోడు. పై నుంచి లక్ష్యం ఉంటుంది. కాగితం మీద రాసుకుని రాత్రి ఎక్కిస్తాడు. రాత్రి ఎక్కించేటప్పుడు గుర్తున్నవి గుర్తున్నట్టు, గుర్తులేనివి ఊహించి. ఊరి చివరి గూడెం, కొండమీది నాలుగిళ్ళు, వలస వచ్చి పాకలు వేసుకున్నవారు రోజు చివరకు మిగిలేవారు. ఫోన్ ప్రాణం పోయే వేళకు వారి వంతు వస్తుంది. కాగితం మీద జరిగిన 2011 జనగణనలోనే, తర్వాత జరిపిన సర్వే ప్రకారం, వెయ్యికి 23 మంది లెక్కలోకి రాలేదు. ఈసారి ఈ లెక్క మీదనే లోక్‌సభ స్థానాల పంపకం ఉన్నది, మహిళా రిజర్వేషన్ అమలు ఉన్నది, కులాల సంఖ్యలు ఉన్నాయి. లెక్కలోకి రాని ఒక పాక వెనుక ఎవరి ఓటు, ఎవరి వాటా పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

నేను డిజిటల్ లెక్కకు వ్యతిరేకిని కాను. కాగితపు జనగణన ఫలితాలు పూర్తిగా రావడానికి ఏళ్ళు పట్టేవి. యాప్ వల్ల కాలం కలిసివస్తుంది. నేను అడుగుతున్నది అతి స్వల్పం. జనగణన యాప్‌ను రెండు మూడేళ్ళు పాతబడిన ఒక మామూలు ఫోన్‌లో వేసి, 40 డిగ్రీల ఎండలో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళో నడిపి, ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని ఇళ్ళు పూర్తవుతాయో కొలిచి, ఆ అంకెను ప్రజల ముందు పెట్టాలి. ఫ్రిజ్‌కు, ఏసీకి నక్షత్రాలు అంటించే ఇంధన సామర్థ్య సంస్థ మనకు ఉన్నది. 30 లక్షల మంది చేతుల్లో నడిచే ప్రోగ్రామ్‌కు ఒక్క నక్షత్రమైనా అక్కరలేదా? ఇక ముందు ఏ శాఖ టెండరు పిలిచినా, యాప్ పని లేనప్పుడు ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వాలని, నెట్‌వర్క్ లేకపోయినా పనిచేయాలని, వివరాలను ఛార్జింగ్ వేళ ఒకేసారి పంపాలని షరతు రాయాలి. పరీక్ష పాస్ కానిదానికి బిల్లు చెల్లించకూడదు. సొంత ఫోన్ వాడినవారికి పారితోషికంతో కలపకుండా, ఫోన్ అరుగుదల కింద విడిగా ఒక మొత్తం ఇవ్వాలి. విడిగా ఎందుకంటే, విడిగా రాసినప్పుడే ఆ ఖర్చు కాగ్ కళ్ళకు కనబడుతుంది, పార్లమెంటులో ఎవరో ఒకరు ప్రశ్న వేయగలరు.

ఫోన్ ఆరిపోయినందువల్ల ఆలస్యమైన పనికి మెమోలు ఇవ్వకూడదన్న ఒక్క వాక్యం కూడా ఆ ఉత్తర్వులో చేర్చాలి. పార్వతీపురం కొట్టు దగ్గర ఆ టీచర్‌తో మాట్లాడుతూ ఉండగా ఆమె ఫోన్ 31 శాతానికి చేరింది. “ఇక చాల్లెండి సార్, ఇది రెండు గంటలు వస్తుంది” అని తీగ పీకి, చీర కొంగుతో ఫోన్ వెనుక వేడి తుడుచుకుని, కేంద్రం వైపు నడిచింది. ఆ వెనుకనే ఉపాధి పని మేట్ వచ్చి ఖాళీ అయిన ప్లగ్గులో తన ఫోన్ పెట్టుకున్నది.